ఆటస్థలమున అధ్యాపకుని స్థానము

(సంఘ సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



కళాశాలలు తెఱచు దినములలో పిల్లవానికి సీటు దొరకినదన్న సంతోషముతో ఫీజు కట్టి వచ్చు తండ్రులు రసీదును మడచి జేబులో పెట్టుకొందురే గాని, దానిని ఆమూలాగ్రముగ చదువువారు అరుదు. ట్యూషను ఫీజు, లైబ్రరీ ఫీజు, లేబరేటరీ ఫీజు, వీని నడుమ ఎక్కడనో గేమ్సు ఫీజు అను చిన్న పద్దు ఒకటి యుండును. లైబ్రరీ ఫీజు కట్టిన విద్యార్థికి పుస్తకము చేతికి రాకున్నచో అడుగువారు గలరు. గేమ్సు ఫీజు కట్టిన విద్యార్థి మూడేండ్లలో ఒక్కనాడైనను బంతి ముట్టకున్నచో అడుగువారు లేరు. ఆ సొమ్ముతో కళాశాల జట్టు పొరుగూరికి పోయి కప్పు గెలుచుకొని వచ్చినచో అందఱును చప్పట్లు కొట్టుదురు. జట్టులో పదునొకండుగురు, కళాశాలలో వేయిమంది. మిగిలినవారి శరీరములు ఎవరి బాధ్యత? జట్టు మంచిచెడ్డలకు జవాబుదారి ఎవరు? ఫిజికల్ డైరెక్టరా, ప్రిన్సిపాలా, తరగతిలో పాఠము చెప్పు అధ్యాపకులా?

ఈ ప్రశ్నను అందఱికంటె ఎక్కువగా తర్కించినవి అమెరికా సంయుక్త రాష్ట్రములలోని కళాశాలలు. నూటయేబది యేండ్లలో అక్కడి ఆచార్యులు కమిటీలు వేసిరి, నియమములు వ్రాసిరి, విచారణలు జరిపించిరి, బండెడు నివేదికలు అచ్చు వేయించిరి. ఇంత చేసినను ఆటస్థలము వారి చేతినుండి జాఱిపోయెను. ఒక్కనాడు కాదు, మెల్లమెల్లగా, ఒక్కొక్క సంతకముతో జాఱెను. అది ఎట్లు జాఱెనో చూచినచో, దస్త్రముల నడుమ జీవితము గడపువారికి ఆ కథ అంత పరాయిదిగా తోచదు.

మొదట స్థితి ఇట్లు లేదు. మాసచూసెట్సు రాష్ట్రములోని ఆమ్హర్స్టు అను చిన్న కళాశాలకు విలియం స్టెర్న్సు అధ్యక్షుడుగా నుండిన కాలమది. గ్రీకు, లాటిను గ్రంథములముందు కదలక కూర్చుండి, పరీక్షలనాటికి జబ్బుపడు కుఱ్ఱవాండ్రను చూచి ఆయన కలతపడెను. వ్యాయామశాల కట్టించిరి. 1861లో ఎడ్వర్డు హిచ్‌కాక్ అను వైద్యుని ఆరోగ్యవిద్యకును వ్యాయామమునకును ఆచార్యునిగ నియమించిరి. అతడు మైదానము మూలనుండు డ్రిల్లు మాస్టరు కాడు. గణితాచార్యుని ప్రక్కన అధ్యాపకసభలో కుర్చీగలవాడు. వారమునకు నాలుగు దినములు అరగంటసేపు ప్రతి తరగతియు వ్యాయామశాలకు రావలసియుండెను. పియానో మ్రోగుచుండ, తేలికైన కొయ్య డంబెల్సు చేతబట్టి విద్యార్థులందఱును ఒక్క లయలో కదలుచుండిరి. ప్రతి విద్యార్థియు చేరిననాడు ఎంత యెత్తు, ఎంత బరువు, ఱొమ్ము చుట్టుకొలత యెంత అని డాక్టరు వ్రాసికొనును. కొంతకాలమైన పిమ్మట మరల కొలుచును. 1911లో మరణించువఱకు, అనగా ఏబదియేండ్లు, అతడు ఆ పని విడువలేదు. గెలుపోటములు ఆ పట్టికలలో లేవు. బలహీనుడైన కుఱ్ఱవాడు తన పాత కొలతతోనే పోటీపడుచుండెను.

రెండవ పాయ వేఱొకచోట పుట్టినది. 1852 ఆగస్టులో న్యూహాంప్‌షైరు రాష్ట్రములోని విన్నిపెసాకీ సరస్సుపై హార్వర్డు, యేలు విద్యార్థులు పడవపందెము వేసికొనిరి. అమెరికాలో రెండు కళాశాలల నడుమ జరిగిన మొదటి పోటీ అదియే. ఆ పందెపు ఖర్చు భరించినది హార్వర్డు కాదు, యేలు కాదు. ఆ సరస్సుకు ప్రయాణికులను చేర్చు రైలు కంపెనీ. టిక్కెట్లు అమ్ముడుపోవలెనని వారి తలంపు. హార్వర్డు గెలిచినది, కాని చూడదగినది ఆ ఖర్చుపద్దే. తరువాతి నూటడెబ్బది యేండ్ల చరిత్రకు బీజము ఆ పద్దులో నుండెను. అధ్యాపకులకు దానితో ప్రసక్తియే లేదు. విద్యార్థులు ఉత్సాహపడిరి, వర్తకుడు సొమ్ము పెట్టెను, జనము గుమిగూడిరి.

1869లో రట్‌గర్సు, ప్రిన్స్‌టను కళాశాలలు ఫుట్‌బాలు ఆడినవి. 1873లో మిషిగను జట్టుతో ఆడుటకై క్లీవ్‌లండు పోవుదుమని కార్నెలు విద్యార్థులు అనుమతి కోరగా, గాలితిత్తిని తన్నుకొనుటకు ముప్పదిమంది నాలుగువందల మైళ్ళు పోనక్కఱలేదని అధ్యక్షుడు ఆండ్రూ వైటు కొట్టివేసినట్లు ప్రసిద్ధి. ఆ ఉత్తరువు తొలిదశలోని అధ్యాపకుల మనోభావమునకు చక్కని సాక్ష్యము. వారు ఆటను ఉపద్రవముగ చూచిరే గాని, విద్యలో భాగముగ చూడలేదు. నిషేధించుట వారికి తెలియును. నేర్పుట వారి పనియని తోచలేదు. వద్దను పెద్దమాట ఎన్నాళ్ళు నిలుచును? కొలదికాలముననే కార్నెలు జట్టును మైళ్ళు లెక్కింపక ప్రయాణములు సాగించెను.

1882లో హార్వర్డు బేస్‌బాలు జట్టు 28 ఆటలు ఆడెను. వానిలో 19 పొరుగూళ్ళలో జరిగినవి. తరగతులు ఖాళీ యగుట చూచి అధ్యాపకులు ముగ్గురు ఆచార్యులతో ఒక కమిటీ వేసిరి. కొలది సంవత్సరములకు దానిని విస్తరించిరి: ముగ్గురు ఆచార్యులు, ముగ్గురు పూర్వవిద్యార్థులు, ముగ్గురు విద్యార్థులు. కాగితముపై ఎంత సొగసైన సమతూకము! కాని ఆటనుగూర్చి ఓటు వచ్చినపుడు ఆఱుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపు నగుటకు అడ్డేమున్నది? కమిటీ రాజకీయములు తెలిసినవారికి ఇది విడమరచి చెప్పనక్కఱలేదు.

పడమటి రాష్ట్రములలో తెగువ కొంత హెచ్చుగ కనబడినది. ఆ దినములలో నేడొక కళాశాల పక్షమున, వచ్చేవారము మఱొక కళాశాల పక్షమున ఆడుచు, ఏ తరగతిలోను చేరని దేశదిమ్మరి ఆటగాండ్రు ఉండిరి. పర్డ్యూ విశ్వవిద్యాలయాధ్యక్షుడు జేమ్సు స్మార్టు పిలుపుపై 1895 జనవరిలో ఏడు సంస్థల అధ్యక్షులు షికాగోలో పామర్ హౌసు హోటలునందు సమావేశమైరి. మఱుసటి యేడు అధ్యాపక ప్రతినిధులు కూడి సంఘమును స్థాపించిరి. నిజముగ చేరి చదువుచున్నవాడే, చదువులో వెనుకబడనివాడే ఆడవలెనని వారి మూలనియమము. చాలకాలము ఆ సంఘము అసలుపేరే అధ్యాపక ప్రతినిధుల అంతఃకళాశాలా సమాఖ్య. నేడు లోకము దానిని బిగ్ టెన్ అని యెఱుగును. ఆ పదిమందిలో నేడు పదునెనిమిది విశ్వవిద్యాలయములున్నవి. పేరులోనుండి అధ్యాపకులు ఏనాడో తొలగిరి.

అదే షికాగోలో రాక్‌ఫెల్లరు ధనముతో వెలసిన కొత్త విశ్వవిద్యాలయమునకు విలియం హార్పరు అధ్యక్షుడు. ఆయన 1892లో అమోస్ అలొంజో స్టాగ్ అను యువకుని వ్యాయామ విభాగమునకు అధిపతిగ, అసోసియేట్ ప్రొఫెసరు హోదాతో, శాశ్వతోద్యోగిగ నియమించెను. ఆమ్హర్స్టు డాక్టరువలె ఇతడును అధ్యాపకుడే. కాని హిచ్‌కాక్ చేతిలో కొలబద్ద యుండెను; స్టాగ్ చేతిలో షికాగో నగరము వేయికన్నులతో చూచు జట్టుండెను. జట్టు గెలిచినకొలది అతని విభాగమునకు సొమ్ము వచ్చెను. సొమ్ము వచ్చినకొలది ఇతర అధ్యాపకులు అతని లెక్కలు అడుగుట తగ్గెను. అధ్యాపకుడని పేరుపెట్టినంతమాత్రమున పర్యవేక్షణ సిద్ధింపదని ఆ నియామకమే చెప్పుచున్నది.

ఇంతలో ప్రాణములమీదికి వచ్చెను. ఆ దినముల అమెరికా ఫుట్‌బాలులో ఆటగాండ్రు చేతులు పెనవేసికొని గుంపుగ ఎదుటివారిపై పడుచుండిరి. తలకు సరియైన రక్షణ లేదు. 1905లో ఆ ఆటవలన దేశమందంతట పదునెనిమిది, పందొమ్మిదిమంది చనిపోయిరని పత్రికలు లెక్కించినవి. వారిలో కళాశాలల వారు కొద్దిమందియే. తక్కినవారు పాఠశాలల బాలురు, ఊరి జట్లవారు. అయినను పెద్ద కళాశాలల జట్లను చూచియే చిన్నవారు నేర్చిరి గదా! ఆ యేడు అక్టోబరు 9న దేశాధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్టు హార్వర్డు, యేలు, ప్రిన్స్‌టను ప్రతినిధులను తన భవనమునకు పిలిపించి ఆటను సంస్కరింపుడని చెప్పెను. వారు ఒడంబడిరి. నవంబరు 25న న్యూయార్కు విశ్వవిద్యాలయముతో ఆడుచు యూనియన్ కళాశాల విద్యార్థి తలకు దెబ్బ తగిలి మరణించెను. ఆతిథ్యమిచ్చిన న్యూయార్కు విశ్వవిద్యాలయ ఛాన్సలరు హెన్రీ మెక్‌క్రాకెన్ ఊరుకొనలేదు. డిసెంబరులో ఆయన కళాశాలలను సమావేశపఱచెను. రెండవ సమావేశమునకు అఱువదికి పైగా సంస్థలు వచ్చినవి. 1906లో నిబంధనావళి యేర్పడి, 1910లో ఎన్.సి.ఎ.ఎ. అను నేటి పేరు ధరించిన జాతీయసంఘము పుట్టుక అదియే. బంతిని ముందుకు విసరుటకు అనుమతించు నియమము 1906లోనే వచ్చి, గుంపుల పోరాటము క్రమముగ సడలినది. కొలంబియా పదేండ్లు ఆ ఆటనే మానుకొనెను. కాలిఫోర్నియా, స్టాన్‌ఫర్డు రగ్బీకి మాఱినవి.

పడమటి సమాఖ్యవారు ఆ యేడే మిషిగను అధ్యక్షుడు జేమ్సు ఏంజెల్ చొరవతో ఇంకను కఠినముగ బిగించిరి: మొదటి సంవత్సరపు విద్యార్థి ఆడరాదు, ఎవరును మూడేండ్లకు మించి ఆడరాదు, ఏటికి అయిదు ఆటలే, కోచ్ విశ్వవిద్యాలయము పద్ధతిగ నియమించిన ఉద్యోగి కావలెను, జీతము మితముగ నుండవలెను. విచిత్ర మేమనగా, ఆ సమావేశమునకు కారకుడైన అధ్యక్షుని విశ్వవిద్యాలయమే, ఆ నియమములు భరింపలేక సమాఖ్యనుండి తొలగి, 1917లోగాని తిరిగి రాలేదు. అధ్యక్షుని మనస్సాక్షి వేఱు, అతని పట్టణపు ఉత్సాహము వేఱు.

ఇక్కడ స్ప్రింగ్‌ఫీల్డు అను ఊరిమాట చెప్పక తప్పదు. వై.యం.సి.ఎ. వ్యాయామశిక్షకులను తయారుచేయు విద్యాలయము అక్కడ నుండెను. చలికాలమున గదిలో ఆడదగిన ఆట యొకటి కావలెనని 1891 డిసెంబరులో జేమ్సు నైస్మిత్ అను ఉపాధ్యాయుడు పండ్లబుట్టలు రెండు గోడలకు కొట్టించి బాస్కెట్‌బాలు సృష్టించినది అక్కడనే. షికాగోకు పోకముందు స్టాగ్ కూడ అక్కడివాడే. నైస్మిత్ తరువాత కాన్సాసు విశ్వవిద్యాలయమున వ్యాయామవిద్యకు ఆచార్యుడయ్యెను. తాను పుట్టించిన ఆటలో ఆ విశ్వవిద్యాలయపు కోచ్‌లలో గెలుపులకంటె ఓటములు ఎక్కువగ మూటగట్టుకొన్నవాడు అతడొక్కడే. అది అతనికి పెద్ద దుఃఖముగ నున్నట్లు కానరాదు.

సమీపముననున్న స్మిత్ కళాశాల స్త్రీలది. అక్కడ సెండా బెరెన్సన్ అను అధ్యాపిక 1892లో ఆ కొత్త ఆటను తన విద్యార్థినులకు నేర్పెను. ఈమె సుప్రసిద్ధ కళావిమర్శకుడు బెర్నార్డు బెరెన్సన్ సోదరి. బాల్యమున రోగిష్ఠి యై, వ్యాయామముచేతనే కోలుకొన్నది. 1893 మార్చిలో మొదటి సంవత్సరపు బాలికలకును రెండవ సంవత్సరపు బాలికలకును పోటీ పెట్టినపుడు పురుష ప్రేక్షకులను రానీయలేదు. ఆటస్థలమును మూడు భాగములు చేసి, ఎవరి భాగములో వారే ఆడవలెనని, ఎదుటివారి చేతిలోని బంతిని లాగుకొనరాదని నియమించెను. ఆమెవంటి వ్యాయామోపాధ్యాయినులు సుమారు ఎనుబదియేండ్లు స్త్రీల క్రీడలను తమ చేతిలోనే నిలుపుకొనిరి. 1920 తరువాతి దశకములలో వారు జరిపిన ఆటల పండుగలలో నాలుగు కళాశాలల బాలికలను కలిపి జట్లు చేయుచుండిరి. గెలిచిన కళాశాల ఏదని చెప్పుటకు వీలే లేదు. ప్రతి బాలికయు ఆడవలెను, ఎవతెయు అంగడిసరుకు కారాదు అని వారి పట్టుదల. ఆ పట్టుదలకు వెలయు చెల్లించవలసివచ్చెను. అపూర్వమైన ప్రతిభగల బాలికకు ఆ పద్ధతిలో ఎదుగుటకు చోటు లేకపోయెను. సంరక్షణ పేరిట కొందఱిని అణచిరనిన అబద్ధము కాదు. 1972లో విద్యాసంస్థలలో లింగవివక్షను నిషేధించు శాసనము వచ్చి బాలికలకు తలుపులు తెఱచినది. సుమారు పదేండ్లకు స్త్రీల క్రీడాసంఘము మూతపడి, అధికారము ఎన్.సి.ఎ.ఎ. పాలయ్యెను. 1972లో స్త్రీల జట్లలో నూటికి తొంబదికి పైగా స్త్రీలే శిక్షకులు; తరువాతి కాలమున సగముకంటె తక్కువ. ఆడు బాలికలు పెరిగిరి, ఆడించు అధ్యాపికలు తగ్గిరి.

స్ప్రింగ్‌ఫీల్డుతో మనకును చుట్టఱికము కలదు. అక్కడ చదివిన హ్యారీ క్రో బక్ అను అమెరికను 1920లో మద్రాసున వై.యం.సి.ఎ. వ్యాయామవిద్యా కళాశాలను నెలకొల్పెను. 1924 పారిస్ ఒలింపిక్సునకు భారతజట్టువెంట పోయినవాడును ఆయనయే. ఆంధ్రజిల్లాలు అప్పుడు మద్రాసు రాజధానిలోనివి గనుక, ఆ కళాశాలలో శిక్షణ పొందినవారు ఈవైపు పాఠశాలలకును వచ్చిరి. తెలుగుదేశమున వ్యాయామోపాధ్యాయుడు అల్పుడు కాడు. కోడి రామమూర్తినాయుడు సర్కసు స్థాపింపకముందు విజయనగరమున పాఠశాలలో వ్యాయామము నేర్పినవాడే. భారత ఫుట్‌బాలు జట్టును 1956లో మెల్బోర్ను ఒలింపిక్సున నాలుగవ స్థానమునకు, 1962లో జకార్తా ఏషియా క్రీడలలో స్వర్ణపతకమునకు కొనిపోయిన సయ్యదు అబ్దుల్ రహీం హైదరాబాదులో బడిపంతులు. ఆటగాండ్రు ఆయనను రహీంసాహెబు అనిరి. ఆ గౌరవము కోచ్‌కే కాదు, గురువునకు చెందినది.

మరల అమెరికాకు వచ్చినచో, మొదటి ప్రపంచయుద్ధానంతరమున అక్కడ మహా స్టేడియములు లేచినవి. కార్నెగీ సంస్థ నియోగింపగా హోవర్డు సావేజ్ నూటికి పైగా కళాశాలలు తిరిగి 1929లో ప్రకటించిన నివేదిక, వానిలో దాదాపు నాలుగింట మూడు వంతులలో ఆటగాండ్రకు ఏదో యొక రూపమున సొమ్ము ముట్టుచున్నదని తేల్చెను. నియమములున్నవి, కమిటీలున్నవి, సంతకములున్నవి. సొమ్ము ప్రక్కదారిని పోవుచుండెను. 1956లో ఎన్.సి.ఎ.ఎ. ఆ ప్రక్కదారినే రాచబాట చేసి, ఆటకై పూర్తి స్కాలర్‌షిప్పు ఇచ్చుటకు అనుమతించెను. ఇందు కొంత నిజాయితీ లేకపోలేదు. దొంగచాటుగ ఇచ్చుటకంటె బహిరంగముగ ఇచ్చుట మేలే. పేదబాలురు అనేకులు, ముఖ్యముగ నీగ్రోలని పిలువబడి కళాశాల గడప తొక్కనీయబడని వారి బిడ్డలు, ఆ దారిని చదువునకు వచ్చిరి. కాని వారిని పిలిచినది చదువు కాదు గనుక, వచ్చినపిదప వారి చదువు ఎవరికి పట్టినది?

ఈ ప్రశ్నకు జవాబు ఉత్తర కెరొలైనా విశ్వవిద్యాలయము చాపెల్ హిల్ శాఖలో దొరకినది. 2014 అక్టోబరులో వెలువడిన విచారణ నివేదిక ప్రకారము, 1993 మొదలు 2011 వఱకు, పదునెనిమిది యేండ్లు, ఒక విభాగములో ఎన్నడును కూడని తరగతులు నడచినవి. ఉపన్యాసములు లేవు, హాజరు లేదు. చివర ఒక వ్యాసము సమర్పించినచో చాలును. ఆ వ్యాసములను దిద్ది ఉదారముగ మార్కులు వేసినది ఆచార్యుడు కాదు. చిరకాలము విభాగపు కార్యాలయము నడపిన ఉద్యోగిని. 3,100 మందికి పైగా విద్యార్థులు ఆ తరగతులలో పేర్లు వ్రాయించుకొనిరి. విశ్వవిద్యాలయములో నూటికి నలుగురైన ఆటగాండ్రు, ఆ తరగతులలో సుమారు సగముమంది. ఆమె దురాశతో చేయలేదనియు, వెనుకబడిన విద్యార్థులపై జాలియే మూలమనియు నివేదిక వలన తెలియుచున్నది. ఆ మాట మఱింత కలవరపెట్టును. ఒక గుమాస్తా జాలిపడి వేసిన మార్కులను పదునెనిమిది యేండ్లు ఏ ఆచార్యుడును తిప్పిచూడలేదు! 2017లో ఎన్.సి.ఎ.ఎ. శిక్ష విధింపలేకపోయెను, ఆ తరగతులు ఆటగాండ్రకే కాక అందఱికిని తెఱచియున్నవి గనుక, అవి ఆటగాండ్రకు చేసిన ప్రత్యేకోపకారము కాదని వాదము. మోసము సమానముగ పంచినచో నియమభంగము కాకుండెను.

అటుపిమ్మట మిగిలిన తెరయు తొలగినది. 2021 జూన్‌లో అమెరికా సుప్రీము కోర్టు ఆల్‌స్టన్ కేసులో ఏకగ్రీవముగ ఎన్.సి.ఎ.ఎ.కు వ్యతిరేకముగ తీర్పు చెప్పెను. జులై 1 నుండి ఆటగాండ్రు తమ పేరును, రూపమును వ్యాపారప్రకటనలకు అమ్ముకొనుటకు అనుమతి కలిగెను. 2025 జూన్ 6న న్యాయస్థానము ఆమోదించిన ఒప్పందము ప్రకారము కళాశాలయే ఆటగాండ్రకు నేరుగ సొమ్ము చెల్లింపవచ్చును. మొదటి యేటి పరిమితి ఒక్కొక్క సంస్థకు సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. ఆటగాని చెమటతో అందఱును ధనవంతులగుచుండగా అతడొక్కడు పస్తుండుట అన్యాయమే. ఆ లెక్కను చూచినచో ఈ తీర్పు ధర్మమైనదే. అక్కడి అనేక రాష్ట్రములలో అత్యధిక జీతము పొందు ప్రభుత్వోద్యోగి గవర్నరు కాడు, న్యాయమూర్తి కాడు, ఫుట్‌బాలు కోచ్ లేక బాస్కెట్‌బాలు కోచ్. ఈ సభలోని సెక్షనాఫీసర్లకు ఆ వార్త ఒక నిట్టూర్పు కలిగింపకపోదు. నేటికిని ప్రతి సభ్య కళాశాలయు అధ్యాపకులలో నొకరిని క్రీడాప్రతినిధిగ నియమించుట నియమము. ఆ ప్రతినిధి చదువుల పట్టికలు చూచును, సమావేశములకు పోవును. కోచ్‌ను నియమించుటలోను, స్టేడియము కట్టుటలోను, దూరదర్శన హక్కులు అమ్ముటలోను నిర్ణయము అతనిది కాదు.

పర్యవేక్షణ రెండు విధములు. కాదనగలిగినది యొకటి; చూచితినని వ్రాయునది యొకటి. అమెరికా అధ్యాపకులు ఎవడు ఆడవచ్చునో చెప్పు అధికారమును తమవద్ద ఉంచుకొని, ఎవడు ఆడించవలెనో, సొమ్ము ఎక్కడినుండి రావలెనో చెప్పు అధికారమును వదలుకొనిరి. తక్కిన రెండును పోయినపిదప మొదటిది నిలుచునా? వర్తకుడు వారిని బలవంతముగ వెళ్ళగొట్టెననుట సరికాదు. క్రీడాకమిటీలో కూర్చున్నందుకు ప్రమోషను రాదు; పరిశోధనకు వచ్చును. మైదానమునకు పోవుట తన విద్వత్తుకు తక్కువయని తలంచినవారును, శనివారమునాడు మంచి టిక్కెట్టు దొరకినచో చాలునని తలంచినవారును ఒక్క అధ్యాపకసభలోనే యుండిరి.

మన కళాశాలలకు ఆ ధనవ్యాధి లేదు. ఇక్కడిది ఉదాసీనత. యు.జి.సి. వేతనశ్రేణులు ఫిజికల్ డైరెక్టరును అధ్యాపకులతో సమానునిగ చేసినవి. ఆచరణలో పలుచోట్ల సమానత్వము జీతపు బిల్లు దాటి రాలేదు. పరీక్షలు దగ్గరపడినచో మొదట కత్తిరింపబడునది ఆటల గంట. కొత్త భవనము కావలసివచ్చినచో మొదట కనబడు ఖాళీస్థలము మైదానము. మైదానము బొత్తిగ లేని మేడలలో వేలమంది చదువుకొనుచున్నారు. ప్రవేశములలోను ఉద్యోగములలోను క్రీడాకోటా యున్నది. కేంద్రప్రభుత్వోద్యోగములకు అంతర్విశ్వవిద్యాలయ పోటీలలో ఆడినవారి అర్హతాపత్రముపై విశ్వవిద్యాలయ క్రీడాధికారి సంతకము కావలెనని ఇక్కడ చాలమంది యెఱుగుదురు. ఆ కాగితము మన బల్లలపైకే వచ్చును. దానివెనుక మైదానము ఉన్నదో లేదో కాగితము చెప్పదు. సంతకము చేసినవాడు చూచియుండవలెను. చాపెల్ హిల్‌లో లోపించినది ఆ చూపే. ఆటస్థలము తన పని కాదని అధ్యాపకుడు అనుకొన్నపుడు, అక్కడ దానిని వర్తకుడు ఆక్రమించెను, ఇక్కడ ముండ్లపొదలు ఆక్రమించుచున్నవి.

పోయినది తిరిగి రాదా యని అడుగువారికి షికాగో కథ మిగిలిన భాగము చెప్పవలసియున్నది. స్టాగ్ డెబ్బదియవ యేట, 1932లో, పదవీవిరమణ చేయవలసివచ్చెను. యువకుడైన అధ్యక్షుడు రాబర్టు హచిన్సు 1939 డిసెంబరులో ఫుట్‌బాలు జట్టునే రద్దుచేసెను. పూర్వవిద్యార్థులు మండిపడిరి. ఖాళీపడిన ఆ స్టేడియము మెట్లక్రింది రాకెట్సు ఆటగదిలోనే 1942 డిసెంబరు 2న ఎన్రికో ఫెర్మి పరమాణుశక్తిని మొట్టమొదట అదుపులో మండించి చూపెను. అటువంటి ఉపయోగమును హచిన్సు కూడ ఊహించియుండడు. 1969లో షికాగో మరల ఫుట్‌బాలు ఆరంభించెను గాని, పాత సమాఖ్యకు పోలేదు. ఆటకై స్కాలర్‌షిప్పు ఇయ్యరాదను నియమముగల మూడవ శ్రేణిలో చేరెను. ఆ శ్రేణిలో నేడు నాలుగువందలకు పైగా కళాశాలలున్నవి; ఆమ్హర్స్టు వానిలో నొకటి. పాత స్టేడియమున్నచోట 1970లో పెద్ద గ్రంథాలయము తెఱచిరి. కొంతదూరమున చిన్న మైదాన మొకటి యున్నది. దానికి ఇప్పటికిని స్టాగ్ పేరే. గ్రంథాలయమునుండి ఆ మైదానమునకు విద్యార్థి నడచిపోవచ్చును.